గుమ్మం మీద జేగురు గుర్తు

ముసునూరు తోటలు,
4 ఫిబ్రవరి 1963

అక్కకి పద్మ నమస్కారాలు.

క్షేమమని మొదలెట్టి క్షేమమని ముగిస్తే అది ఉత్తరం కాదు, టెలిగ్రామేనని నువ్వే అంటావు. అందుకని నేరుగా సంగతుల్లోకి వస్తున్నాను. మన సేవా సమాజం వాళ్లు నన్ను అడవిలో పారేశారని బావ బెంగపడుతున్నాడట కదా. అడవి కాదని చెప్పు. ఎటు చూసినా మామిడి పూతే. పొద్దున లేచేసరికి నా జడలో, మంచం మీద, కూజా మూత మీద పూత రాలి ఉంటుంది.

ఈ తోట నూజివీడు మామిడి వ్యాపారి లక్ష్మీనారాయణగారిది. కాపలావాళ్ల పాక ఒకటి మన బాలవాడి బడికి ఇచ్చాడు. తోటలో పనిచేసేవాళ్ల గూడెం దాని వెనకే. పిల్లలు బాగా మాలిమి అయ్యారు. దుర్గ అని ఐదేళ్ల పిల్ల ఉంది. నేను ‘అ’ అని పలక మీద రాస్తే దానికి కళ్లూ మీసాలూ పెట్టి పిల్లిని చేస్తుంది. దాని నాన్న సాంబయ్య చెట్లు కొట్టే పనివాడు. దుర్గ నాయనమ్మ కనకమ్మ మాట గూడెంలో అందరికీ వేదం.

నూజివీడునుంచి టీకాల ఇన్‌స్పెక్టరు జగన్మోహనరావుగారు వచ్చారు. చిన్నపిల్లలున్న ప్రతి ఇంటి గుమ్మానికీ ఎర్ర జేగురుమట్టితో గుర్తు పెట్టమనీ, మళ్లీ వారం వచ్చి మశూచి టీకాలు వేస్తాననీ చెప్పి వెళ్లారు. కొబ్బరి చిప్పలో జేగురు కలిపి, ఇంటింటికీ తిరిగి గుండ్రంగా బొట్లు పెట్టాను. నాకు ముగ్గు వెయ్యడం రాదని వెక్కిరిస్తావుగా, ఆ బొట్లు చూస్తే మెచ్చుకునేదానివి.

ఒక్కటే అర్థం కావడం లేదు. ఆ మర్నాటినుంచి ఒక్క పిల్లా బడికి రాలేదు. ఏదో పెళ్లికి వెళ్లారనుకున్నాను. గూడెం గూడెమంతా ఒకే పెళ్లికి వెళుతుందా?

సూదంటే జంకుతున్నారేమోనని గూడెం ఆడవాళ్లకి మన మురళి సంగతి చెప్పాను. మా అక్క నాలుగేళ్ల కొడుక్కి అందరికంటే ముందు వేయించింది, వాడు ఏడవనైనా లేదన్నాను. ‘ముందు మన ఇంటి బిడ్డ జబ్బ, తరవాతే ఊరి బిడ్డ జబ్బ’ అని నువ్వు మీటింగులో అన్న మాట నా చెవుల్లో ఇంకా ఉంది.

పద్మ

బందరు,
9 ఫిబ్రవరి

చి. పద్మకు అక్క దీవెనలు.

పిల్లలు నాలుగు రోజులు రాకపోతే కొంపలేం మునిగిపోవు. నువ్వే ఇంటింటికీ వెళ్లు. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు, ఆ ఆస్తి నీకు అమ్మ దండిగా ఇచ్చిపోయింది. దాన్ని నామీద కాకుండా ఊరిమీద ఖర్చుపెట్టు.

హాస్యం కాదు, జాగ్రత్తగా ఉండు. హనుమాన్ జంక్షన్‌నుంచి వచ్చినవాళ్లు బాపులపాడు పక్క అమ్మవారు పోసిందంటున్నారు. ఇద్దరు పిల్లలు పోయారట. అక్కడినుంచి మీ తోటలకి కూలివాళ్లు వస్తూపోతూ ఉంటారు. టీకాల పని ఆగనివ్వకు. ఒక ఊళ్లో మన సమాజం మాట చెల్లలేదంటే పది ఊళ్లలో మన మొహాన తలుపులు వేస్తారు. మనం సర్కారు కాదు, మన వెనక బంట్రోతు లేడు. మన దగ్గర ఉన్నది మాట ఒక్కటే.

ఇంకోటి. మురళి ఊసు అక్కడ పదేపదే ఎత్తకు. పసివాడి పేరు పదిమంది నోళ్లలో నానితే దిష్టి. ఇలాంటివి నీకు పట్టవని తెలుసు, అయినా చెబుతున్నాను. వాడు పిన్ని ఎప్పుడొస్తుందని అడుగుతున్నాడు.

లలిత

ముసునూరు తోటలు,
16 ఫిబ్రవరి

అక్కా,

తప్పు నాదే. నాలుగు రోజుల కిందట కనకమ్మ నూతి దగ్గర చెప్పింది. చెప్పడమంటే తిట్టడమే.

ఈ తోటల్లో జేగురు గుర్తు పెట్టేది ఒక్కందుకేనట. కొట్టెయ్యాల్సిన చెట్టుకి పెడతారు. ఆ బొట్టు పడిన చెట్టుకి ఇంక నీళ్లు కూడా పోయరు. ఈ మధ్యే సాగర్ కాలువ ఇటుగా వస్తుందని సర్వేవాళ్లు గొలుసులతో కొలిచి, దారికి అడ్డమొచ్చే చెట్లకి ఎర్రబొట్లు పెట్టి వెళ్లారు. వాళ్లు వెళ్లిన వారానికి నేను చిప్ప పట్టుకుని బయల్దేరాను. అదీ పిల్లలున్న ఇళ్లకే.

‘‘కాలవ గట్టు నిలవాలంటే పసిపిల్లల్ని బలియ్యాలంటగా. ఎవరి ఇంట్లో ఎంతమందో చూసుకుని బొట్టెట్టి పోయావు. ఏం పాపం చేశామమ్మా మేము?’’ అంది.

నేను పరుగెత్తుకెళ్లి తడిగుడ్డతో బొట్లన్నీ తుడిచేశాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నట్టయింది. దొరికిపోయాక ఆనవాలు చెరిపేస్తోందని ఇంకా గట్టిగా నమ్మారు. ఇన్‌స్పెక్టరుగారు వచ్చేసరికి గూడెంలో పసివాడన్నవాడు లేడు. తోటల్లో ఎక్కడ దాచారో తెలీదు. ఆయన ఊరికే తిరిగి వెళ్లిపోయాడు.

నిన్న తలుపు తీస్తే గడప మీద కోసిన నిమ్మకాయ, పసుపు, ఒక వెంట్రుకల ఉండ ఉన్నాయి. అవి నా వెంట్రుకలే. దువ్వుకుని పారేసినవి ఎవరో ఏరుకెళ్లారు. అక్కా, నేను భయపడ్డాను. నిమ్మకాయకి కాదు. నేను జుట్టు దువ్వుకుంటుంటే ఎవరో చూస్తూ కూచున్నారన్నందుకు.

లక్ష్మీనారాయణగారు వచ్చి ‘‘పిందె దిగే టైములో కూలోళ్లు బెదిరి పోతే నా తోట ఏంకావాలమ్మా? పాక ఖాళీ చేసి పుణ్యం కట్టుకోండి’’ అన్నాడు. కాళ్లావేళ్లా పడి వచ్చే నెలాఖరు దాకా ఆగమన్నాను.

నా జబ్బ మీద టీకా మచ్చ కనకమ్మకి చూపించాను. ‘‘నీదెందుకమ్మా నాకు? నువ్వు కన్నావా, పెంచావా? మీ అక్క కొడుకన్నావుగా. ఆ పిల్లాడి జబ్బ చూపించు, అప్పుడు చూద్దాం’’ అంది. నువ్వు మురళిని తీసుకుని ఒక్క పూట రా, అక్కా. వాడి మచ్చ చూస్తే సగం భయం పోతుంది.

పద్మ

బందరు,
22 ఫిబ్రవరి

చి. పద్మకి,

నీ ఉత్తరం చదివి బావ కంచం ముందునుంచి లేచిపోయాడు. ఇకమీద దువ్వుకున్న వెంట్రుకలు పొయ్యిలో పడెయ్. నువ్వు ఒక్కదానివి అక్కడ పడుకోవద్దు, ఎవరినైనా తోడు పెట్టుకో.

రావడానికి ఇప్పుడు కుదిరేలా లేదు. మురళికి దగ్గు. బావకి ఆఫీసులో తనిఖీలు. పైగా గుడివాడలో బస్సు మారి, జంక్షన్లో మారి, నూజివీడులో మారి రావాలి. దారిలో బాపులపాడు. తెలిసితెలిసి పసివాణ్ణి ఆ గాలిలోకి ఎలా తెమ్మంటావు?

ఒకళ్లు కాకపోతే ఇంకొకళ్లు. సమాజంలో రమణమ్మగారి మనవడికి పెద్ద మచ్చ ఉంది. ఆవిణ్ణి అడిగి చూస్తాను. మచ్చ ఎవరిదైనా మచ్చే కదా.

లేదా వచ్చెయ్. నిన్ను పంపింది నేనే, రమ్మంటున్నదీ నేనే. మీటింగులో నేను సర్దిచెప్పుకుంటాను.

లలిత

ముసునూరు తోటలు,
27 ఫిబ్రవరి

అక్కా,

గబగబా రాస్తున్నాను, అక్షరాలు కుదరకపోతే సర్దుకుని చదువుకో.

నిన్న సాయంత్రం దుర్గ కనిపించలేదు. పని దిగి వచ్చిన తల్లి వెతికింది, తండ్రి వెతికాడు, గూడెమంతా వెతికింది. ఆ తరవాత అందరూ నా పాక ముందుకొచ్చి నిలబడ్డారు. ఎవరూ అరవలేదు. అరిస్తే నాకు అంత భయమేసేది కాదేమో. సాంబయ్య చేతిలో గొడ్డలి ఉంది. అది వాడి పనిముట్టే, ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది. కానీ నిన్న దాని పిడిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

‘‘పిల్ల ఎక్కడుందో చెప్పు టీచరమ్మా. నిన్నేం అనం. పిల్లనిచ్చెయ్’’ అన్నాడు.

పాకంతా వెతుక్కోమన్నాను. నా పెట్టె తీసి బట్టలన్నీ నేలమీద పోశారు. లేదన్న ముక్క కూడా బయటికి రాలేదు. వాళ్లు దాన్నే ఒప్పుకోలు అనుకున్నారు.

కనకమ్మే అడ్డమొచ్చింది. మామిడికాయలు మాగేసే కొట్టులో గడ్డి కింద దుర్గని ఆవిడే దాచిందట, నాకు కనపడకుండా. కొడుక్కీ కోడలికీ కూడా చెప్పలేదు. చెబితే ఎవరో ఒకరు నోరు జారతారని, నాకు తెలిసిపోతుందని. కొట్టు తలుపు తీసేసరికి ఆ వేడికీ దుమ్ముకీ దుర్గ సొమ్మసిల్లి ఉంది. నీళ్లు చల్లితే కళ్లు తెరిచి, నన్ను చూసి కెవ్వుమని ఏడ్చి నాయనమ్మ కొంగులో దూరింది. నేను రాసిన అక్షరానికి మీసాలు పెట్టిన పిల్ల అక్కా, నన్ను చూసి ఏడ్చింది.

సాంబయ్య గొడ్డలి కింద పెట్టి కూలబడ్డాడు. ఎవరూ నన్ను క్షమించమని అడగలేదు. అడగాలని నేనూ అనుకోలేదు. ఈ ఊరికి వాళ్లమీదా వీళ్లమీదా కోపం లేదు. బిడ్డలు పోతారని భయం, అంతే.

రమణమ్మగారి మనవడు వద్దు. దగ్గు, తనిఖీలు, బస్సులు అన్నీ చదివాను. నేను పుట్టినప్పటినుంచీ నిన్ను చూస్తున్నదాన్ని. ఒక్క మాట అడుగుతాను, ఉన్నదున్నట్టు చెప్పు. మురళికి టీకా వేయించావా, లేదా?

పద్మ

బందరు,
3 మార్చి

పద్మా,

వేయించలేదు.

మురళికంటే ముందు నాకొక పాప ఉండేదని నీకు తెలుసు. జ్వరం వచ్చి పోయిందని నీకు హాస్టలుకి ఉత్తరం రాశాము. ఏ జ్వరమో రాయలేదు. టీకా వేయించిన వారానికి వచ్చిన జ్వరం. డాక్టరు టీకావల్ల కాదన్నాడు. ఊళ్లో అప్పుడు విషజ్వరాలు ఉన్నాయి, అదే అయి ఉంటుందన్నాడు. నిజమే అయి ఉంటుంది. నేను చదువుకున్నదాన్ని, నాకు అర్థమైంది. కానీ ఆ సూది వేసేటప్పుడు పాప రెండు చేతులూ కదలకుండా పట్టుకున్నది నేను. ఆ చేతులకి అర్థం కాలేదు.

తరవాత మురళి పుట్టాడు. ఏటా ఈ ఏడు వేయిద్దాం అనుకుంటాను, ఏటా వాడికి దగ్గో జలుబో వెతికి తెస్తాను. బావ అడగడం మానేశాడు. మీటింగుల్లో మాట్లాడేది నేనే. వందమంది తల్లులకి ధైర్యం చెబితే నాకు ఒక పిసరైనా మిగులుతుందనుకున్నాను. మిగల్లేదు.

నువ్వు ఆ గొడ్డలి ముందు నిలబడటానికి నా మాట ఒక కారణం. అయినా మురళిని తెమ్మని నన్ను అడగకు. అది తప్ప ఇంకేమైనా అడుగు.

లలిత

ముసునూరు తోటలు,
8 మార్చి

అక్కా,

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. నాకెందుకు చెప్పలేదని అడగను.

ఒక పని చేశాను, తిడితే తిట్టు. కనకమ్మ ఇంటికి వెళ్లి నిజం చెప్పేశాను. మా అక్క కొడుక్కి టీకా వేయించలేదు, నేను తెలియక అబద్ధం చెప్పాను, ఆవిడకీ మీలాగే భయం, ఒక బిడ్డ పోయిందీ అన్నాను. ఇంక పెట్టె సర్దుకోవడమే తరవాయి అనుకున్నాను.

ముసలమ్మ పీట వాల్చి కూచోమంది. నేనొచ్చాక ఈ గూడెంలో నాకు పీట వెయ్యడం ఇదే మొదలు. ‘‘పోయినదాని పేరేంటి?’’ అని అడిగింది. చెప్పాను. ‘‘అయితే బిడ్డ పోవడమంటే ఏంటో మీ అక్కకి తెలుసన్నమాట’’ అంది.

నేను లేచేటప్పుడు మాత్రం ‘‘ఆవిడ వేయిస్తే మేమూ వేయిస్తాం. ఆవిడ వేయించకపోతే మేమెందుకు వేయించాలి? నువ్వే చెప్పు’’ అంది.

నువ్వు తెమ్మని అడగొద్దన్నావు. అడగడం లేదు. ముసునూరులోనే ఒక ఇంట్లో అమ్మవారు పోసి గుమ్మానికి వేపమండలు కట్టారని మాత్రం చెబుతున్నాను.

పద్మ

బందరు,
11 మార్చి

పద్మా,

గురువారం మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాం. ఇన్‌స్పెక్టరుగారిని ఉండమను. బావ కూడా వస్తానన్నాడు, వద్దన్నాను. పట్టుకోవలసినదాన్ని నేనే.

లలిత

ముసునూరు తోటలు,
20 మార్చి

అక్కా,

మురళి ఎలా ఉన్నాడు? ముందు అది రాయి, మిగతావన్నీ తరవాత.

నువ్వు బస్సెక్కాక కూడా గూడెం చాలాసేపు నీ గురించే మాట్లాడుకుంది. ఆ తిప్పుడు సూది వాడి జబ్బ మీద ఆనించగానే వాడికంటే ముందు నువ్వు కళ్లు మూసుకున్నావట. ‘‘ఆ తల్లి నాటకమాడటం లేదు’’ అంది సాంబయ్య పెళ్లాం. నువ్వు వాడి చేతులు వదలకుండా అలాగే పట్టుకుని కూచోవడం అందరూ చూశారు. దుర్గ వాడికి పిందె ఇచ్చిందిగా, వాడు కొరికి మొహం వికారంగా పెట్టాడని ఇప్పటికీ తలుచుకుని నవ్వుతోంది.

కానీ టీకాలు ఇంకా మొదలుకాలేదు. జ్వరం రావాలి, తగ్గాలి, పిల్లాడు లేచి తిరగాలి, ఆ ఉత్తరం రావాలి, అప్పుడట. ఇన్‌స్పెక్టరుగారు ఆగేదేమిటని కేకలేస్తే కనకమ్మ ‘‘బిడ్డ మీదా?’’ అని అడిగింది. ఆయన సూదుల పెట్టె మూసుకున్నాడు. పోస్టుమాన్ సైకిలు గంట వినిపిస్తే చాలు, ఆడవాళ్లు పని ఆపి నావైపు చూస్తున్నారు.

ఒకటి చెప్పనా వద్దా అనుకుంటున్నాను. రోజూ పొద్దు గుంకే వేళకి గూడెంలో ప్రతి పొయ్యి మీదా తాలింపు చిటపటలాడుతుంది. ఆవాలు, వెల్లుల్లి, ఎండుమిరప ఘాటుకి నాకు ఇక్కడిదాకా తుమ్ములొస్తాయి. నిన్నా ఇవాళా కనకమ్మ ఇంటినుంచి ఆ వాసన రాలేదు. అమ్మవారు ఉన్న ఇంట్లో తాలింపు వెయ్యరు, ఆవిడకి గిట్టదని. అడిగితే నూనె అయిపోయిందన్నారు. దుర్గ ఏదీ అంటే నిద్రపోతోందన్నారు.

అక్కా, నాకు భయంగా ఉంది. త్వరగా రాయి.

పద్మ

బందరు,
24 మార్చి

పద్మా,

జ్వరం దిగింది.

టీకా వేసిన వారానికి, మొన్న గురువారంనుంచి మూడు రోజులు ఒళ్లు పెనంలా కాలింది. జబ్బ వాచి ఎర్రగా ఉబ్బింది. వాడు పాప మూలిగినట్టే మూలిగాడు, ఆ గొంతే. నేను బావని నానా మాటలన్నాను, నిన్ను అన్నాను, సమాజాన్ని అన్నాను, ఆ ముసలమ్మని కూడా అన్నాను. దేవుడికి మొక్కాను. ఏ దేవుడికి ఏం మొక్కానో గుర్తులేదు, అందరికీ తీర్చేస్తాను.

ఇవాళ పొద్దున లేచి ఆకలన్నాడు. పెరుగన్నం తిన్నాడు. పుండు మీద పక్కు కడుతోంది. డాక్టరు చూసి మచ్చ బాగా పడుతుందన్నాడు.

వాళ్లకి ఇప్పుడే వెళ్లి చెప్పు. ఉత్తరం చదువుతూ కూచోకు, ముందు వెళ్లు. దుర్గ సంగతి రాయి.

లలిత

ముసునూరు తోటలు,
22 ఏప్రిల్

అక్కకి,

ఇన్నాళ్లూ కార్డుముక్కలే రాశాను. ఇవాళ కూచుని రాస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు ఏం జరిగిందో నీకు తెలియాలి. గూడెం మధ్య నిలబడి ‘‘మా మురళికి జ్వరం తగ్గింది’’ అని అరిచాను. ఆడవాళ్లు నన్ను దాటుకుని ఇళ్లలోకి పరుగెత్తి పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. అందరికంటే ముందు వచ్చింది కనకమ్మ. చంకలో ఉన్నది దుర్గ కాదు, దుర్గ తమ్ముడు.

దుర్గకి పోసి అమ్మవారు ఇంట్లో ఉండగా ఇంకో బిడ్డకి సూది వేయిస్తే ఆవిడ ఉగ్రురాలవుతుందని గూడెమంతటికీ నమ్మకం. కనకమ్మకి మరీను. అయినా కబురందుకుని వచ్చిన ఇన్‌స్పెక్టరుగారి ముందు కూచుని మనవడి చేతులు రెండూ పట్టుకుంది, నువ్వు పట్టుకున్నట్టే. సాయంత్రానికి ఇంక వేయించుకోని బిడ్డ లేదు. జేగురు తెచ్చి కనకమ్మే తన గుమ్మానికి బొట్టు పెట్టింది. ఈసారి ఎవరూ తుడవలేదు.

లక్ష్మీనారాయణగారు పాక వర్షాల దాకా ఉంచుకోమన్నాడు. సమాజం మీటింగులో నువ్వు చెప్పుకోవచ్చు. ఒక్క ప్రాణం పోలేదు. చెప్పేటప్పుడు దుర్గ పేరు కూడా చెప్పు.

దుర్గ బతికింది. మొహమంతా గుంటలు పడ్డాయి. ఎడమకంట్లో పువ్వు పడింది, అందులో ఇంక చూపు రాదు. నిన్న పలక ఇస్తే అక్షరానికి ఒక్క కన్నే పెట్టి నాకు చూపించింది. నవ్వమని కాబోలు నా మొహంలోకి చూసింది. నవ్వాను.

నేను లెక్కలు వేసుకుంటూనే ఉన్నాను. నేను మొదటిసారి అడిగినప్పుడే నువ్వు వచ్చి ఉంటే, నేను ఆ బొట్లు పెట్టకుండా ఉంటే, నువ్వు వచ్చిన రోజునే వాళ్లూ వేయించుకుని ఉంటే. కనకమ్మతో అన్నాను కూడా. ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతూ తల ఎత్తకుండానే అంది: ‘‘మీ అక్కా భయపడింది, నేనూ భయపడ్డాను. ఇద్దరం బిడ్డ కోసమే భయపడ్డాం. ఆవిడ బిడ్డకి మచ్చతో పోయింది, మా బిడ్డకి కన్ను పోయింది. ఎవర్నని ఏం లాభం? మీ పిల్లాణ్ణి ఎండలో తిప్పొద్దని రాయి.’’

అందుకే రాస్తున్నాను. మురళిని ఎండలో తిప్పకు.

ఇవాళ దుర్గకి వేపాకు నీళ్లు పోసి అమ్మవారిని సాగనంపారు. ఇప్పుడే కనకమ్మ ఇంట్లో తాలింపు వేశారు. ఇన్నాళ్లకి ఆ ఘాటు ఇక్కడిదాకా వచ్చింది. తుమ్ములు రాలేదు అక్కా, ఏడుపొచ్చింది.

నీ పద్మ